ఎనభై ఏడులో జ్వరం

1887లో దిక్సూచి మంచాన పడ్డాడు. జనవరి మొదటి తారీఖున పడుకున్నవాడు డిసెంబరు ఆఖరి తారీఖు దాకా లేవలేదు. విషజ్వరం. ఆ ఏడాది ఆయన చేసిన సాహసం ఏదైనా ఉందంటే అది నిమ్మరసం తాగడమే.

దిక్సూచి అంటే మనిషే. ఎటు తోసినా దారి తప్పడు కాబట్టి ఆ పేరు. ఆయన మీద యాభై పుస్తకాలు, వాటికి రెట్టింపు బొమ్మల కథలు, లెక్కలేనన్ని రేడియో నాటకాలు, నాలుగు సినిమాలు వచ్చాయి. 1885లో వజ్రాల గనిలో చిక్కుకుని బయటపడ్డాడు. 1886లో మంచు సముద్రంలో ఓడ పగిలితే ఎలుగుబంటితో కలిసి ఒకే మంచుగడ్డ మీద తేలాడు. 1888లో గాలిబుడగ ఎక్కి ఎడారి దాటాడు. ఇంతటి మొనగాడు మధ్యలో ఒక ఏడాది పొడుగునా దుప్పటి కప్పుకుని ఎందుకు పడుకున్నాడని పాఠకులు అడుగుతూనే ఉంటారు. దానికి అసలు జవాబు తెలిసినవాడు లోకంలో ఒక్కడే. ఆయన్ని ఆఫీసులో అందరూ పంచాంగం అంటారు.

పంచాంగం పని దిక్సూచి జీవితాన్ని కాపలా కాయడం. మూడో అంతస్తులో, లిఫ్టు మోటారు పక్క గదిలో ఆయన కుర్చీ. ఎదురుగా గోడ నిండా కాగితం పట్టీలు. ఒక్కో ఏడాదికి ఒక్కో పట్టీ, దాని మీద గుండుసూదులతో గుచ్చిన రంగురంగుల చీటీలు. 1890 దాటాక గోడకి చెమ్మ ఉండటం వల్ల ఆ కాలపు సాహసాలన్నీ కాస్త ముడుచుకుపోయి ఉంటాయి. ఏ రచయితైనా కొత్త కథ రాయాలంటే ముందు ఈ గదికి రావాలి.

"సార్, మా కథలో దిక్సూచి ఒక దీవిలో ఆర్నెల్లు ఉండాలి. ఎక్కడ పెట్టమంటారు?"

పంచాంగం కళ్ళజోడు సర్దుకుని గోడ వైపు తిరుగుతాడు. లాడ్జిలో గుమాస్తా తాళాల బోర్డు చూసినట్టు చూస్తాడు. "83లో వేసవి ఖాళీగా ఉంది. కానీ అక్టోబరుకల్లా దీవి దిగిపోవాలి. జైల్లో పడాలి" అంటాడు.

ఈ గోడకి ఒకటే చట్టం. దిక్సూచిని పుట్టించిన పెద్దాయన పోతూ పోతూ చెప్పి వెళ్ళినది: అచ్చైందే నిజం. ఒకసారి అచ్చులో వచ్చాక దిక్సూచి తాత కూడా మార్చలేడు. పంచాంగం ఆ మాటను పెద్దాయన కన్నా గట్టిగా పట్టుకున్నాడు. ఒక రచయిత్రి పొరపాటున దిక్సూచి పిల్లిని రెండుసార్లు చంపేసిందని ఆ పిల్లికి కవల పిల్లిని పుట్టించేదాకా ఆమెను గదిలోంచి కదలనివ్వలేదు.

అలాంటివాడు చేసిన పని వినండి. పద్నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం గోడకేసి చూస్తే 1887 పట్టీ తెల్లగా కనబడింది. అటు ఇటు ఏళ్ళన్నీ బస్సులో జనంలా కిక్కిరిసి ఉన్నాయి, మధ్యలో ఈ ఒక్క సీటు ఖాళీ. పంచాంగం గుండె ఝల్లుమంది. ఎన్నాళ్ళని ఇతరుల కథలకి చోటు చూపిస్తూ కూర్చోవడం? తనకీ ఒక కథ ఉండొద్దూ? చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, ఎర్ర సిరాతో చీటీ మీద 'విషజ్వరం' అని రాసి గుచ్చేశాడు. బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు పడేసినట్టన్నమాట. ఎక్కడం తరవాత చూసుకోవచ్చు.

ఎక్కడమే కాలేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాయని పుస్తకానికి అట్ట మీద ఏ రంగుండాలో, అంకితం ఎవరికివ్వాలో, సభలో తను ఎంత వినయంగా మాట్లాడాలో అన్నీ సిద్ధం చేసుకున్నాడు. మొదటి వాక్యం తప్ప.

ఈలోగా ఖాళీ సీటు చూస్తే కూర్చోబుద్ధి కానివాడెవరు? రచయితలు వచ్చి గొణిగేవాళ్ళు. "ఏడాదంతా జ్వరమేంటి సార్? మధ్యలో ఒక వారం లేవలేడా? పోనీ కిటికీలోంచి ఒక హత్య చూడలేడా?" వీళ్ళ బెడద పడలేక పంచాంగం ఒక వార్షిక సంచికలో దిక్సూచి జీవితక్రమం అచ్చు వేస్తూ, 1887 ఎదురుగా స్వహస్తాలతో ఇలా రాశాడు: 'ఈ ఏడాది గడప దాటలేదు. ఎవరినీ కలవలేదు. కలలు కూడా రాలేదు.' తలుపులు, కిటికీలు అన్నీ మేకులు కొట్టేసి, సుత్తి పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాడు. తనూ లోపలికి పోలేడని అప్పుడు తోచలేదు.

ఇంట్లో ఈ పుస్తకం మహిమ ఇంకా ఎక్కువ. కిటికీ పక్కన బల్ల దానికోసమే. దాని మీద ఎవరూ ఏమీ పెట్టకూడదు. గోడలకి సున్నం ఎప్పుడు? పుస్తకం అయ్యాక. ఊగే కుర్చీకి కాలు ఎప్పుడు వేయిస్తారు? పుస్తకం అయ్యాక. ఆయన భార్యకి పెళ్ళైన కొత్తలోనే ఒక కోరిక ఉండేది, సముద్రం చూడాలని. రైలెక్కితే ఒక్క రోజు ప్రయాణం. ఆవిడ మొదట్లో అడిగింది, తరవాత గుర్తు చేసింది, ఆ తరవాత మానేసింది. పాలపళ్ళు ఊడే వయసులో వాళ్ళ కూతురు 'పుస్తకం అయ్యాక' అంటే 'ఎప్పటికీ కాదు' అని అర్థం అనుకునేది. చాక్లెట్ ఇస్తావా అని పక్కింటి పిల్ల అడిగితే "పుస్తకం అయ్యాక" అని చెప్పి తలుపేసుకుందట. ఆ కూతురు ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పుస్తకం మాత్రం ఇంకా పుట్టలేదు.

చిత్రం ఏంటంటే పంచాంగం కూడా సముద్రం చూడలేదు. ఏ ఓడ ఏ నెలలో ఏ గాలికి ఏ రేవు చేరుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఉప్పునీళ్ళు మాత్రం పుక్కిలించడానికే ఎరుగును.

ఇలా ఉండగా ఆఫీసుకి కొత్త మేనేజరు వచ్చాడు. గడ్డం నున్నగా, మాట ఇంకా నున్నగా ఉండే కుర్రవాడు. గోడ ముందు నిలబడి ఎర్ర చీటీ మీద వేలు పెట్టాడు.

"సార్, దిక్సూచి పుస్తకాలు మొదలై యాభయ్యో ఏడు వస్తోంది. పండగలా చెయ్యాలి. ఈ 87 నింపేద్దాం. పేరున్న రచయిత ఒకాయన అడుగుతున్నారు."

పంచాంగం ఎర్ర చీటీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "అది... నేను రాద్దామనుకుంటున్నాను."

"మీరా?" మేనేజరు ఆశ్చర్యం దాచుకోవడానికి బాగానే కష్టపడ్డాడు. "ఎప్పట్నుంచి అనుకుంటున్నారు?"

"కొంతకాలంగా."

"సరే సార్. వర్షాలు తగ్గేలోపు ఇవ్వండి. లేకపోతే ఆయనకి ఇచ్చేస్తాను."

పంచాంగం సెలవు పెట్టి బల్ల ముందు కూర్చున్నాడు. ఇల్లలకగానే పండగ కాదని భార్య అననూ లేదు, ఆవిడ మొహంలో కనబడకుండానూ లేదు. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్ష చేస్తుంది. రోజంతా జనం ముక్కు మీద అద్దాలు మార్చి మార్చి పెడుతూ "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడం ఆవిడ పని.

మొదటి కథలో దొంగల ఓడ వచ్చింది. కానీ గడప దాటలేదని అచ్చైంది. రెండో కథలో శత్రువులే మంచం దగ్గరికి వచ్చారు. ఎవరినీ కలవలేదని అచ్చైంది. పోనీ అంతా జ్వరంలో వచ్చిన కల అందామా అంటే, కలలు కూడా రాలేదని ఏ మహానుభావుడు రాశాడో కానీ వాడి చెయ్యి విరగ! పంచాంగం తన చెయ్యి వైపు చూసుకున్నాడు.

అయినా రెండు ఎత్తుగడలు రాసి, దుకాణం నుంచి వచ్చిన భార్యకి చదివి వినిపించాడు. "ఇది బాగుందా, అది బాగుందా?"

"రెండూ మసగ్గానే ఉన్నాయండీ" అంది ఆవిడ, వానకి తడిసిన తల తుడుచుకుంటూ.

ఇక దారి లేక మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. జ్వరం వారం రోజులకి తగ్గిందని మార్చుకోవచ్చా అని అడిగాడు. అడుగుతుంటే చెవులు కాలాయి. మేనేజరు చాలా మర్యాదగా విన్నాడు.

"నాదేముంది సార్? కానీ అచ్చైందే నిజం కదా?"

గది బయట ఎవరో కిసుక్కుమన్నారు. పిల్లిని రెండుసార్లు చంపిన రచయిత్రే అయ్యుంటుంది. ఆవిడ నవ్వడానికి అన్ని హక్కులూ ఉన్నాయని పంచాంగం కూడా ఒప్పుకున్నాడు.

మర్నాడు పట్టుదలగా వీధి తలుపు లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాడు. ప్రేరణ వస్తే మధ్యలో పాలవాడు తలుపు కొట్టకూడదని. ప్రేరణ రాలేదు కానీ, కింద పడ్డ కలం తీద్దామని వంగితే నడుము పట్టేసింది. కటక్ అని శబ్దం కూడా వినబడిందని తరవాత చాలామందికి చెప్పాడు. బల్లకీ మంచానికీ మధ్య నేల మీద వెల్లకిలా పడిపోయాడు. ఎటు కదిలినా ప్రాణం పోతోంది. ఫోను బల్ల మీద ఉంది. బయట వాన.

సాయంత్రం భార్య వచ్చి తలుపు తట్టింది. "ఏవండీ!"

"లేవలేను! నడుము!"

"గడియ ఎందుకు పెట్టారు?"

పాలవాడి కోసమని ఆయన తనకే వినబడనంత మెల్లిగా గొణిగాడు. ఇంటి వెనక నుంచి ఇనప బకెట్టు బోర్లించిన చప్పుడైంది. వంటింటి కిటికీకి ఊచలు లేవు. పుస్తకం అయ్యాక పెట్టిద్దామనుకున్నారు. గిన్నె ఒకటి దొర్లింది, ఇంకోటి దొర్లింది, "అబ్బా" అని ఒక మాట. ఆ వెంటనే ఆవిడ గుమ్మంలో ప్రత్యక్షమైంది. జుట్టు తడిసి మొహానికి అంటుకుంది. మోకాలు గీరుకుపోయింది. చేతిలో గొడుగు అలాగే ఉంది.

"కదలకండి, నేనొచ్చా" అంది.

యాభై పుస్తకాల్లో దిక్సూచి ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో పంచాంగానికి కంఠతా వచ్చు. ఒక్కసారి కూడా వినేవాడి వైపు నుంచి విని ఉండలేదు. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. నొప్పికి అని చెప్పుకున్నాడు.

డాక్టరు పది రోజులు లేవొద్దన్నాడు. పంచాంగం మంచం మీద పడుకుని పైకప్పు చూశాడు, విసుగొచ్చి పక్కకి చూశాడు. పక్కన భార్య. ఆవిడ పొద్దున్నే లేచి ఆయన్ని పక్కకి దొర్లించి దుప్పటి లాగి ఇంకోటి పరుస్తుంది. ఆయనకి మొహం కడిగి, తినిపించి, మందు వేసి, దుకాణానికి పరిగెత్తుతుంది. మధ్యాహ్నం వచ్చి వెళ్తుంది. సాయంత్రం వచ్చాక ఆ రోజు సంగతులు చెప్తుంది. వీధిలో మోకాలి లోతు నీళ్ళట. చెప్పు కొట్టుకుపోతే వెంటపడి పట్టుకుందట. ఒక పెద్దాయన అక్షరాల బోర్డు బట్టీ పట్టి వచ్చి చూపు బాగుందని దబాయిస్తే, బోర్డు తిప్పేసి దొరకబుచ్చుకుందట. ఇవన్నీ ఇన్నేళ్ళుగా రోజూ చెప్తూనే ఉందా? చెప్తూనే ఉండుండాలి. ఆయన బల్ల వైపు తిరిగి కూర్చుని 'ఊఁ' అంటూ ఉండుండాలి.

నాలుగో రోజో ఐదో రోజో, దుప్పటి దులుపుతూ ఆవిడ అడిగింది. "ఇంతకీ మీ దిక్సూచికి ఏడాది పొడుగునా దుప్పట్లు మార్చింది ఎవరండీ?"

"ఎవరూ లేరు. ఎవరినీ కలవలేదని అచ్చైంది."

"మరి వాటంతట అవే మారాయా?"

"వైద్యుడు వస్తూ ఉంటాడు..."

"ఎవరో ఒకరు తలుపు తీస్తేగా వచ్చేది. ఈయనేమో లేవలేడాయె." ఆవిడ దిండు తిరగేసి ఆయన తల కింద పెట్టింది. "వాళ్ళింట్లో కూడా వంటింటి కిటికీకి ఊచలు లేవేమో చూడండి."

ఇన్నేళ్ళలో ఒక్క రచయిత, ఒక్క పాఠకుడు, ఒక్క విమర్శకుడు అడగని ప్రశ్న అది. పంచాంగం గుడ్లప్పగించి చూశాడు.

"ఎవరినీ కలవలేదంటే ఏంటో తెలుసా?" అన్నాడు నెమ్మదిగా. "ఒకావిడ ఉంది. ఈయన లెక్కలోకి రాలేదు."

"ఆ మాత్రం దానికి పద్నాలుగేళ్ళు పట్టిందా?" అని ఆవిడ మాసిన దుప్పటి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆయనకి నిజంగా సిగ్గేసింది. సిగ్గుతో పాటు మొదటి వాక్యం కూడా వచ్చింది.

అట్టముక్క గుండెల మీద పెట్టుకుని, పడుకునే రాశాడు. దిక్సూచి మంచం మీద ఉన్నాడు. నిమ్మరసం చేదుగా ఉందని, దుప్పటి గరుగ్గా ఉందని సణుగుతున్నాడు. ఆ సణుగుడు పంచాంగం పెద్దగా కల్పించలేదు. కథంతా గది బయట జరుగుతోంది. ఆ ఇంటావిడ వరదలో మెడ లోతు నీళ్ళలో మందుసీసా నెత్తిన పెట్టుకుని వస్తుంది. గని కథలో తప్పించుకున్న శత్రువులు తుపాకులతో గుమ్మంలోకి వస్తే, చేతిలో సగం తరిగిన ఉల్లిపాయతో ఎదురెళ్ళి, ధారగా కన్నీళ్ళు కారుస్తూ "ఆయన నిన్ననే పోయారు బాబూ" అని చెప్పి పంపేస్తుంది. శత్రువులే ఆవిణ్ణి ఓదారుస్తారు. గాలివానలో కప్పు ఎక్కి పెంకులు సర్దుతుంది. లోపల వీరుడికి ఇవేమీ తెలియవు. దుప్పట్లు వాటంతట అవే మారుతున్నాయనుకుంటాడు. ఇన్నేళ్ళలో మిగతా రచయితలు ఆ జ్వరం వల్లే వచ్చాయని తమ కథల్లో ఇరికించినవన్నీ, వణికే ఎడమ చెయ్యి, నెరిసిన కణత, నిమ్మకాయంటే అసహ్యం, ఒక్కటీ మిగలకుండా దీంట్లో అమరిపోయాయి. ఆఖర్న 1888 వచ్చేస్తుంది, వీరుడు లేచి ఓడెక్కి గాలిబుడగ ఉన్న ఎడారి దేశానికి బయల్దేరతాడు, ఆవిడ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతుంది.

నడుము కుదుటపడి, వర్షాలు కూడా పలచబడేసరికి పుస్తకం అయింది. రేపు సోమవారం మేనేజరుకి ఇవ్వాలి. ఆదివారం మధ్యాహ్నం భార్య అన్నాల బల్ల దగ్గర కూర్చుని చదివింది. పంచాంగం మంచినీళ్ళ కోసమని నాలుగుసార్లు, దేనికోసమూ కాకుండా పదిసార్లు ఆ పక్కగా వెళ్ళాడు. ఉల్లిపాయ దగ్గర ఆవిడ గట్టిగా నవ్వింది. పెంకుల దగ్గర మోకాలు తడుముకుంది. ఆఖరి కాగితం తిప్పి, వెనక ఇంకేమైనా ఉందేమోనని చూసింది.

"ఆయన ఓడెక్కాడు. ఈవిడ గుమ్మంలో నిలబడింది. అంతేనా?"

"అంతే మరి. ఎడారిలో ఆయన ఒంటరిగా ఉన్నాడని అచ్చైపోయింది. నేనేం చెయ్యను?"

"ఆయన సంగతి అచ్చైంది." ఆవిడ కాగితాల అంచులు బల్లకి తట్టి సరిచేసింది. "ఈవిడ సంగతి ఎక్కడా అచ్చు కాలేదుగా? ఏడాది చేసి చేసి అలిసిపోయిందండీ మనిషి. ఆ ఓడ బయల్దేరే రేవుదాకైనా పోయి సముద్రం చూసి రాకూడదా?"

కోపంగా అనలేదు. అద్దాలు మార్చేటప్పుడు అడిగినంత మామూలుగా అడిగింది. నిజమే. గోడ మీద ఎక్కడా లేని మనిషి. ఏ చట్టమూ ఆవిణ్ణి గుమ్మంలో నిలబెట్టలేదు. తనే నిలబెట్టాడు.

"రాస్తా" అన్నాడు. కలం తీసుకుని కూర్చున్నాడు. 'ఆమె సముద్రం చూసింది' అని రాశాడు. తరవాత? దిక్సూచి చూసిన సముద్రాలు నూరు గుర్తొచ్చాయి. అలలు కొండల్లా లేచేవి, తెరచాపలు చిరిగేవి. ఏడాదంతా దుప్పట్లు మార్చిన మనిషి చూసే సముద్రం ఒక్కటీ గుర్తు రాలేదు. 'పుస్తకం అయ్యాక మనమూ వెళ్దాం' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన నాలుక కరుచుకున్నాడు. నిజంగానే కరుచుకున్నాడు, రెండు రోజులు మండింది.

లేచి మేనేజరుకి ఫోను చేశాడు. "ఆఖరి పేజీ మిగిలింది బాబూ. ఇంకో వారం కావాలి. సముద్రం చూసి రావాలి."

"సముద్రమా? మన పుస్తకాల్లో సగం సముద్రమే కదా సార్. ఏదో ఒకటి చూసి దించెయ్యండి."

"అది దిక్సూచి చూసింది. ఇది వేరు."

మేనేజరు గొంతులో నునుపు కాస్త తగ్గింది. "రేపు దాటితే 87 ఆ పేరున్న రచయితకి వెళ్ళిపోతుంది సార్. మళ్ళీ నన్ను అనొద్దు."

పంచాంగం కిటికీ పక్క బల్ల వైపు చూశాడు. అట్ట రంగు, అంకితం, సభలో వినయం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అబద్ధమెందుకు, చాలా బాధేసింది.

"ఇచ్చెయ్యి నాయనా" అన్నాడు. "ఇన్నాళ్ళూ రుమాలు వేసి నేను బస్సు పక్కన నిలబడ్డాను. ఎవరో ఒకరు కూర్చోనీ."

మర్నాడు పొద్దున్నే రైలెక్కారు. భార్య దారి పొడుగునా కిటికీ వదల్లేదు. ఏమైందని అడగలేదు, కాగితాలు ఇంటి దగ్గర బల్ల మీదే ఉండిపోయాయని మాత్రం చూసింది. రేవు ఊరు చేరి, చేపలబుట్టలు, తాళ్ళ చుట్టలు, ఉప్పు వాసన దాటుకుని ఇసక మీదికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. సముద్రం ఆయన అనుకున్నంత పెద్దగా అరవలేదు. ఊరికే వస్తోంది, పోతోంది.

ఆవిడ నిలబడి చూసింది. చాలాసేపు చూసింది. పంచాంగం సముద్రాన్ని కాదు, ఆవిడ మొహాన్ని చూశాడు.

"మరి పుస్తకం?" అంది ఆవిడ, తల తిప్పకుండానే.

"సముద్రం అయ్యాక చూద్దాంలే."

ఆవిడ చెప్పులు విప్పి ఆయన చేతికిచ్చి, చీర కాస్త ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. ఆయన ఆ చెప్పులు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు.